సిలికాన్ చిప్‌ల్లో ఫిజిక్స్ పని 1947తో అయిపోయిందా?

వాల్తేరు_ఎమ్మెస్సీ · ఆదివారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం, సాలిడ్ స్టేట్ స్పెషలైజేషన్. ఇంట్లో నాన్నగారిది ఒకటే మాట: "చిప్‌లంటే ఇష్టమంటున్నావు కదమ్మా, అమీర్‌పేటలో వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) కోర్సులో చేరు. ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేసి ఏం చేస్తావు?" మా క్లాసులో కూడా సగం మంది ఇదే అంటున్నారు. 1947లో ట్రాన్సిస్టర్ కనిపెట్టేదాకా ఫిజిక్స్ వాళ్ల పని, ఆ తర్వాతదంతా ఇంజనీర్ల పని అని.

మా పాఠ్యపుస్తకంలో బ్యాండ్ థియరీ, పీ-ఎన్ జంక్షన్, ట్రాన్సిస్టర్, అక్కడితో అధ్యాయం సరి. ఆ తర్వాత సిలికాన్ చిప్ ఇంత దూరం రావడంలో పరిశోధన చేసే ఫిజిసిస్టు ఎక్కడెక్కడ అవసరమయ్యాడో ఎవరూ చెప్పలేదు. ఈ రంగంలో ఉన్నవాళ్లు పేర్లు, సంవత్సరాలతో సహా చెబుతారా?

---

గచ్చిబౌలి_డిజైన్ · ఆదివారం, ఉదయం 11:30

చెల్లె, నేను ఫిజికల్ డిజైన్‌ల ఉన్న. టైమింగు, పవరు, రౌటింగు, రోజూ ఇదే పని. ష్రోడింగర్ సమీకరణం నాకు ఎన్నడు అక్కరకు రాలే. ఫౌండ్రీ (చిప్ తయారుచేసే ఫ్యాక్టరీ) వాళ్లు ట్రాన్సిస్టర్ ఎట్ల నడుస్తదో చెప్పే మోడల్ ఫైల్ ఇస్తరు, సిమ్యులేటర్ల వేస్తం, గంతే. మీ నాన్న చెప్పిన మాటల తప్పేం లేదు. ఉద్యోగాలు ఇటు దిక్కే ఉన్నయి.

చరిత్ర చూసినా, పెద్ద మలుపులు మస్తు సార్లు కొలిమి దగ్గర అనుకోకుండ దొరికినయే. 1955ల అమెరికా టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌ల కార్ల్ ఫ్రాష్, లింకన్ డెరిక్ సిలికాన్‌ను వేడి చేస్తుంటే కొలిమిలకు నీటి ఆవిరి చేరి పలక మీద ఆక్సైడ్ పొర కట్టింది. ఆ పొర ఉన్న చోట ఫాస్ఫరస్, బోరాన్ లోపలికి దిగలేదు. అంటే ఎక్కడ కావాలంటే అక్కడ పొర తీసి, అక్కడనే మలినం (కరెంటు గుణం మార్చనీకి కావాలని కలిపే ఫాస్ఫరస్ లాంటిది) కలపొచ్చు. ఇయ్యాల చిప్ తయారీ మొత్తం దాని మీదనే నిలబడ్డది. దాన్ని ఏ సిద్ధాంతం ముందుగాల చెప్పలేదు. తొలి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ (చిప్) చేసిన జాక్ కిల్బీ ఇంజనీరే. ఫిజిక్స్‌ను తక్కువ చేస్తలేను, కానీ క్రెడిట్ ఎవరిదో చూసి ఇయ్యాలె.

---

పార్వతీపురం_మాస్టారు · ఆదివారం, మధ్యాహ్నం 2:05

అమ్మా, గచ్చిబౌలి వారు చెప్పిన ఫ్రాష్, డెరిక్‌ల సంగతి నిజమే. అయితే ఆ ఆక్సైడ్ పొర చేసిన రెండో మేలు ఒకటి ఉంది. నా దృష్టిలో సిలికాన్ కథ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. అది తెలియాలంటే 1945కి వెళ్లాలి.

ఆ ఏడు బెల్ ల్యాబ్స్‌లో విలియం షాక్లీ ఒక లెక్క వేశాడు. పలచని సిలికాన్ పొర పక్కన లోహపు పలక పెట్టి వోల్టేజీ ఇస్తే, ఆ క్షేత్రానికి సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు పోగవ్వాలి, ప్రవాహం పెరగాలి. ఇవాళ మీ ఫోన్‌లో ఉన్న దాదాపు ప్రతి ట్రాన్సిస్టరూ ఈ సూత్రం మీదే నడుస్తోంది. కానీ ఆనాడు ప్రయోగం చేస్తే ఏమీ కనబడలేదు. లెక్కలో తప్పు లేదు, పరికరంలో లోపం లేదు. జాన్ బార్డీన్ కారణం పట్టుకున్నాడు. స్ఫటికం ఉపరితలం దగ్గర అణువులకు పక్కవాడు లేక బంధాలు తెగి ఉంటాయి. అక్కడ ఏర్పడే స్థితుల్లో ఎలక్ట్రాన్లు చిక్కుకుని, బయటి క్షేత్రాన్ని లోపలికి చొరనివ్వవు. ఈ ఉపరితల స్థితుల్ని అర్థం చేసుకోవడానికి బార్డీన్, వాల్టర్ బ్రాటెన్ వరుసగా చేసిన ప్రయోగాల్లోంచే 1947 డిసెంబర్ 16న పాయింట్ కాంటాక్ట్ ట్రాన్సిస్టర్ వచ్చింది. అంటే తొలి ట్రాన్సిస్టర్ 'అది ఎందుకు పనిచేయలేదు' అని వెతుకుతుంటే దొరికింది.

షాక్లీ మొదటి ఆలోచన మాత్రం 1959 దాకా నిద్రపోయింది. మహమ్మద్ అటల్లా బృందం సిలికాన్ మీద శుభ్రంగా, వేడిలో పెంచిన ఆక్సైడ్ పొరను పట్టుదలగా పరిశీలించింది. ఆ పొర కింద ఉపరితల స్థితులు బాగా తగ్గిపోతున్నాయని తేలింది. అటల్లా, డావన్ కాంగ్ కలిసి 1959లో మాస్‌ఫెట్ (షాక్లీ ఊహించిన, క్షేత్రంతో నడిచే ట్రాన్సిస్టర్) చేసింది ఆ పునాది మీదే. చదరపు సెంటీమీటరు సిలికాన్ ఉపరితలం మీద సుమారు 10¹⁵ అణువులుంటాయి. మంచి ఆక్సైడ్ పెంచి, ఆపైన హైడ్రోజన్‌లో కాస్త వేడి చేస్తే మిగిలే లోపాలు 10¹⁰ మేర. లక్ష అణువులకు ఒక్కటి! రెండు వేర్వేరు పదార్థాలు కలిసే చోట ఇంత శుభ్రమైన సరిహద్దు మరొకటి దొరకడం చాలా అరుదు. సిలికాన్‌కి పోటీగా ఉన్న జెర్మేనియం ఎందుకు వెనకబడిందో ఇక్కడే తెలుస్తుంది. దాని ఆక్సైడ్ నీటిలో కరిగిపోతుంది. పైగా బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ బంధం విడిచి కదలడానికి కావలసిన శక్తి) 0.67 ఎలక్ట్రాన్ వోల్టులే కాబట్టి కాస్త వేడెక్కగానే లీకేజీ పెరిగిపోతుంది. సిలికాన్‌కి 1.12.

మిగిలిన ఆ లక్షకొక్క లోపం ఏమిటో తేల్చింది కూడా ఫిజిక్స్ ప్రయోగమే. 1971లో యోషియో నిషి ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్‌లో ఒక సంకేతం చూశాడు. తర్వాతి ఏళ్లలో పోయిండెక్స్‌టర్, కాప్లాన్ దాన్ని సరిహద్దు దగ్గర తెగిన సిలికాన్ బంధంగా నిర్ధారించారు. హైడ్రోజన్ వచ్చి సరిగ్గా అక్కడే అతుక్కుంటుంది.

ఇక కిల్బీ ఇంజనీరే, కాదనను. కానీ ఆక్సైడ్‌ని పైన అలాగే ఉంచి దాని కింద జంక్షన్లు చేసే ప్లానార్ పద్ధతి తెచ్చిన జీన్ హోర్నీ, దాని మీద చిప్ కట్టిన రాబర్ట్ నోయిస్, ఇద్దరూ ఫిజిక్స్‌లో డాక్టరేట్ చేసినవాళ్లే.

---

ఉక్కునగరం_మెటలర్జీ · ఆదివారం, సాయంత్రం 4:40

మాస్టారూ, ఫిజిక్స్‌కి హారతి పడుతుంటే మా వాళ్లని మరిచిపోకండి. 1940లో రసెల్ ఓల్ చేతిలోని పగులున్న సిలికాన్ కడ్డీ మీద వెలుగు పడగానే అరవోల్టు దాకా పుట్టింది. పీ-ఎన్ జంక్షన్ అలా బయటపడింది. కడ్డీలో ఒక కొస ఒకలా, రెండో కొస ఇంకోలా ఎందుకుందో శోధించింది జాక్ స్కాఫ్, హెన్రీ థ్యూరర్ అనే బెల్ ల్యాబ్స్ మెటలర్జిస్టులు. కరిగిన సిలికాన్ గడ్డకడుతుంటే మలినాలు ఒక పక్కకి నెట్టుకుపోతాయి, అదీ కారణం. ఆ గుణాన్నే విలియం ఫాన్ జోన్ రిఫైనింగ్‌గా మార్చాడు. కడ్డీ పొడవునా కరిగిన పట్టీని మెల్లగా నడిపిస్తే మురికంతా చివరికి చేరుతుంది. శుద్ధి ఆ స్థాయికి రాకపోతే ఏ సిద్ధాంతాన్నీ పరీక్షించి చూసే వీలే లేదు. స్ఫటికాన్ని కరిగిన పదార్థంలోంచి పైకి లాగే పద్ధతి కూడా యాన్ చొక్రాల్‌స్కీ 1916లో లోహాలు ఎంత వేగంగా గడ్డకడతాయో చూడబోతే దొరికిందే.

నా వాదన ఇంతే. ఫిజిసిస్టు, కెమిస్టు, మెటలర్జిస్టు ఒకే వరండాలో కూర్చున్నారు కాబట్టి అది జరిగింది. మన యూనివర్సిటీల్లో ఈ మూడు డిపార్ట్‌మెంట్లూ వేర్వేరు బిల్డింగులు. ఒకరి పరికరం మీద ఇంకొకరు చెయ్యి వెయ్యడానికి లేదు.

---

హిల్స్‌బరో_తెలుగోడు · సోమవారం, ఉదయం 7:55

ఒరెగాన్‌లో ప్రాసెస్ వైపు పనిచేస్తాను. కంపెనీ లోపలి విషయాలు రాయను, అందరికీ తెలిసిన ప్రచురిత సంగతులే. వాల్తేరు గారి ప్రశ్నకు నా దగ్గర ఒకే ఉదాహరణ ఉంది. కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని మన దగ్గర ఎవరూ చెప్పరు.

2003లో 90 నానోమీటర్ చిప్‌లు వచ్చాయి. అప్పటిదాకా ట్రాన్సిస్టర్‌ని చిన్నది చేస్తే చాలు, అదే వేగంగా అయ్యేది. ఆ సూత్రాన్ని రాబర్ట్ డెనార్డ్ బృందం 1974లో రాసింది. కానీ 2000 దాటేసరికి ఆ లాభం తగ్గిపోయింది. అప్పుడు ఇంటెల్ చేసిన పని, ట్రాన్సిస్టర్ రెండు వైపులా సిలికాన్‌ని చెక్కేసి, అక్కడ సిలికాన్-జెర్మేనియం మిశ్రమం పెంచడం. జెర్మేనియం అణువు పెద్దది, కాబట్టి మధ్యలో ఉన్న సిలికాన్‌ని రెండు పక్కల నుంచీ నొక్కుతుంది. అలా నొక్కితే అందులో హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు, ప్లస్ ఛార్జిలా కదిలేవి) తేలిగ్గా కదులుతాయి. ఎలక్ట్రాన్ల ట్రాన్సిస్టర్‌లో దీనికి తిరగేసి, పైన ఒక నైట్రైడ్ పొర వేసి సాగదీశారు. సైజు మార్చకుండానే వేగం వచ్చింది. ఇప్పుడు ఇది పరిశ్రమ అంతటా ఉంది.

నొక్కితే వేగం మారుతుందని ఎవరు చెప్పారు? 1950లో బార్డీన్, షాక్లీ స్ఫటికం వంగితే బ్యాండ్ (ఎలక్ట్రాన్‌కి వీలయ్యే శక్తుల పట్టీ) అంచులు ఎలా జరుగుతాయో లెక్కకట్టారు. 1954లో ఛార్లెస్ స్మిత్ సిలికాన్, జెర్మేనియం కడ్డీలను లాగుతూ వాటి నిరోధం ఎంత మారుతుందో కొలిచాడు. మామూలు లోహపు తీగతో పోలిస్తే ఆ మార్పు ఎన్నో రెట్లు ఎక్కువ. ఎందుకంత? సిలికాన్ కండక్షన్ బ్యాండ్‌లో ఎలక్ట్రాన్లు ఉండే లోయలు ఆరు. వాటి ఆకారం గుండ్రంగా కాదు, కోడిగుడ్డులా సాగి ఉంటుంది. ఒక దిశలో ఎలక్ట్రాన్ బరువు 0.98, అడ్డంగా 0.19 (మామూలు ఎలక్ట్రాన్‌ని 1 అనుకుంటే). నొక్కినా సాగదీసినా ఆరు లోయల్లో కొన్ని కిందికి, కొన్ని పైకి పోతాయి. ఎలక్ట్రాన్లు కిందికి దిగినవాటిలో చేరతాయి. మనకి కావలసిన దిశలో తేలికగా ఉండే లోయలు కిందికి వచ్చేలా చూసుకుంటే వేగం పెరుగుతుంది. కోన్యర్స్ హెరింగ్, ఎరిక్ వోగ్ట్ 1956లో దీన్ని పూర్తి సిద్ధాంతంగా రాశారు.

ఆ 0.98, 0.19 అంకెలు ఎక్కడివి? 1950ల మధ్యలో బర్క్‌లీలో డ్రెస్సెల్‌హాస్, కిప్, కిట్టెల్ మొదలైనవాళ్లు సిలికాన్ ముక్కని ద్రవ హీలియంలో ముంచి, అయస్కాంత క్షేత్రంలో పెట్టి, మైక్రోవేవ్‌లు పంపి సైక్లోట్రాన్ రెజొనెన్స్ చూశారు. అప్పటికి చిప్ అన్న వస్తువే లేదు. వాళ్లకి కావలసింది బ్యాండ్ ఎలా ఉంటుందో తెలుసుకోవడం ఒక్కటే. అర్ధశతాబ్దం తర్వాత పరిశ్రమ గోడకి తగిలినప్పుడు దారి అక్కడే ఉంది.

గచ్చిబౌలి అన్నా, మీ మోడల్ ఫైల్‌లో మొబిలిటీ పరామితులు ఉంటాయి కదా. పక్క ట్రాన్సిస్టర్ ఎంత దూరంలో ఉంటే మీ ట్రాన్సిస్టర్ వేగం ఎంత మారుతుందో చెప్పే లేఅవుట్ ప్రభావాలు కూడా ఉంటాయి. అవి ఈ స్ట్రెయిన్ (నొక్కడం, సాగదీయడం) వల్ల వచ్చినవే. మీరు రోజూ వాడుతున్నది హెరింగ్ గారి ఫిజిక్సే.

---

గచ్చిబౌలి_డిజైన్ · సోమవారం, ఉదయం 9:20

అన్నా, లేఅవుట్ డిపెండెంట్ ఎఫెక్ట్స్ అంటే నాకు రోజు తలనొప్పి. అది గీడికెల్లి వచ్చిందని ఇంత విడమరిచి ఎవ్వరు చెప్పలే. మంచిగ రాసినవ్.

అయినా ఒకటి అడుగుత. ఇది 1950ల నాటి సొత్తు. పాతోళ్లు రాసి పెట్టింది ఇప్పుడు తీసుకుని వాడుకున్నరు. కొత్త ఫిజిక్స్ పరిశోధన వచ్చి చిప్‌ను కాపాడిన సందర్భం ఈ మధ్యల ఏమన్నా ఉన్నదా? 1990ల తర్వాత?

---

వాల్తేరు_ఎమ్మెస్సీ · సోమవారం, ఉదయం 9:41

నాదీ అదే ప్రశ్న. ఇంకొకటి కూడా. 1954లో కొలిచినదాన్ని 2003 దాకా ఎందుకు ఆపారు? ముందే వాడి ఉంటే?

---

హిల్స్‌బరో_తెలుగోడు · మంగళవారం, ఉదయం 6:30

రెండో ప్రశ్న ముందు. చిన్నది చేస్తే ఉచితంగా వేగం వస్తున్నంతకాలం ఇంకో దారి ఖర్చు ఎవరు పెడతారు? పైగా గది ఉష్ణోగ్రత దాటి ఎంతో వేడి చేసే ప్రక్రియల్లో ఆ స్ట్రెయిన్ సడలిపోకుండా నిలబడాలి, స్ఫటికంలో లోపాలు పుట్టకూడదు. ఒకదాని మీద ఒకటి నలుగకుండా పొరలు పెంచడం 1980ల నుంచి ప్రయోగశాలల్లో నేర్చుకుంటూ వచ్చారు.

1990ల తర్వాతవి మూడు చెబుతాను.

మొదటిది గేట్ ఆక్సైడ్, అంటే ట్రాన్సిస్టర్‌ని ఆన్, ఆఫ్ చేసే పలక (గేట్) కింద ఉండే పొర. మాస్టారు చెప్పిన ఆ అద్భుతమైన పొర 2003 నాటికి 1.2 నానోమీటర్లకు వచ్చింది. అంటే అణువులు లెక్కపెట్టే మందం. ఎలక్ట్రాన్ అలలా దాని గుండా ఇవతలి నుంచి అవతలికి దాటిపోతుంది. మందం 0.2 నానోమీటర్లు తగ్గితే లీకేజీ దాదాపు పది రెట్లు పెరుగుతుంది. ఈ టన్నెలింగ్‌ని అంత పలచని పొరలో ఏ ఇంజనీరింగ్ నైపుణ్యంతోనూ ఆపలేం. 1999లో బెల్ ల్యాబ్స్‌లో డేవిడ్ ముల్లర్ బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో ఆ పొరలో అణువు వెంట అణువు ఎలక్ట్రాన్ స్థితుల్ని చూసి, సుమారు 0.7 నానోమీటర్ల కన్నా పలచనైతే అది ఇక ఇన్సులేటర్‌గానే ఉండదని చూపించింది. దాంతో ఆక్సైడ్ దారి ఎక్కడ మూసుకుపోతుందో ఖాయమైంది.

బదులుగా హాఫ్నియం ఆక్సైడ్ వేశారు. దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకం 20కి పైనే, సిలికాన్ డయాక్సైడ్‌ది 3.9. మందంగా వేసినా క్షేత్రం బాగానే పడుతుంది, టన్నెలింగ్ ఆగుతుంది. కానీ కింద ఎలక్ట్రాన్ల వేగం పడిపోయింది. ఎందుకో 2001లో ఐబీఎం నుంచి మాస్సిమో ఫిస్కెట్టి, అతని సహచరులు లెక్కలతో చెప్పారు. డైఎలక్ట్రిక్ స్థిరాంకం ఎక్కువ ఉన్న పదార్థంలో అణువులు మెత్తగా ఊగుతాయి, ఆ కంపనాలు దూరం నుంచే ఛానెల్‌లోని (గేట్ కింద కరెంటు పారే దారిలోని) ఎలక్ట్రాన్లని చెదరగొడతాయి. పాలీసిలికాన్ గేట్ తీసేసి లోహం పెడితే అందులోని ఎలక్ట్రాన్లు ఎక్కువ కాబట్టి ఆ కంపనాలని కప్పేస్తాయి. 2007లో 45 నానోమీటర్ చిప్ హాఫ్నియం, లోహపు గేట్ రెంటితోనూ వచ్చింది. ఆ రెండూ ఎందుకు జతగా రావాలో చెప్పింది ఫోనాన్ (స్ఫటిక కంపనాల) ఫిజిక్స్.

రెండోది చిన్నదే గానీ నాకు చాలా ఇష్టం. ఇల్లినాయ్ యూనివర్సిటీలో జోసెఫ్ లైడింగ్ స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్ సూదితో సిలికాన్ మీది హైడ్రోజన్ అణువుల్ని ఒక్కొక్కటిగా పీకుతున్నాడు. హైడ్రోజన్ బదులు డ్యుటీరియం పెడితే అది అంత తేలిగ్గా ఊడిరాలేదు. రసాయనికంగా రెండూ ఒకటే, బరువే తేడా. అదే ఊళ్లో కార్ల్ హెస్, ట్రాన్సిస్టర్ కాలక్రమాన పాడవడానికి కారణం సరిహద్దు దగ్గర హైడ్రోజన్ ఊడిపోవడమే కదా అని ఆలోచించాడు. 1996లో చిప్‌ని హైడ్రోజన్‌లో కాకుండా డ్యుటీరియంలో వేడి చేసి చూశారు. ట్రాన్సిస్టర్ ఆయుష్షు పది రెట్లకు పైగా పెరిగింది.

మూడోది లితోగ్రఫీ, అంటే కాంతితో చిప్ మీద గీతలు ముద్రించడం. అది పెద్ద కథ, విడిగా రాస్తాను. డ్యూటీకి వెళ్లాలి.

---

కల్పాక్కం_సీనియర్ · మంగళవారం, రాత్రి 8:15

ఇంత మాట్లాడుతూ న్యూక్లియర్ ఫిజిక్స్ వైపు ఎవరూ చూడలేదు. ఇప్పుడు సిలికాన్‌లో మలినాల్ని చాలా మటుకు కొలిమిలో కాదు, యాక్సిలరేటర్‌తో కొట్టి పెడతారు. బోరాన్ అయాన్ ఇంత శక్తితో వెళితే ఎంత లోతున ఆగుతుంది? ఆ లెక్క 1963లో డెన్మార్క్‌లో లిండ్‌హార్డ్, షార్ఫ్, షియొట్ రాశారు. పదార్థంలో భారీ కణం ఎలా నెమ్మదిస్తుందన్నది నీల్స్ బోర్ కాలం నుంచి వాళ్ల దేశపు ప్రశ్న. అదే ఏడాది ఓక్ రిడ్జ్‌లో రాబిన్సన్, ఓయెన్ కంప్యూటర్ మీద కణాల్ని స్ఫటికంలోకి పంపుతుంటే, కొన్ని మాత్రం అణువుల వరసల మధ్య సందుల్లోంచి నమ్మలేనంత లోతుకి పోయాయి. ఇది ఫ్యాబ్‌కి (చిప్ ఫ్యాక్టరీకి) చాలా ప్రమాదం, లోతు చెదిరిపోతుంది. అందుకే వేఫర్‌ని (చిప్‌లు చేసే సిలికాన్ పలకని) సూటిగా పెట్టకుండా 7 డిగ్రీలు వంచి కొట్టడం ఆనవాయితీ అయింది.

ఇంకొకటి. 1978లో ఇంటెల్‌లో మెమరీ చిప్‌ల్లో బిట్లు కారణం లేకుండా మారిపోతున్నాయి. టిమొతీ మే, మర్రే వుడ్స్ వెతికితే చిప్ పెట్టె సిరామిక్‌లో లేశమాత్రం యురేనియం, థోరియం ఉన్నాయి. వాటి ఆల్ఫా కణం ఒక్కటి సిలికాన్‌లోంచి దూసుకుపోతే వెనక వదిలే ఛార్జి, ఒక బిట్‌లో దాచిన ఛార్జితో సరిసమానం. ఆల్ఫా కణం సిలికాన్‌లో ఏం చేస్తుందో మా న్యూక్లియర్ డిటెక్టర్ల వాళ్లకి ముందు నుంచీ కొట్టిన పిండే. వెంటనే ప్యాకేజీల్లో యురేనియం, థోరియం తగ్గించారు, డిజైన్‌లో ఎర్రర్ కరెక్షన్ పెరిగింది.

---

పార్వతీపురం_మాస్టారు · మంగళవారం, రాత్రి 9:50

కల్పాక్కం గారూ, మంచి మాట గుర్తుచేశారు. ఈ ప్రవాహం ఒకవైపే కాదు. 1980 ఫిబ్రవరి 5 తెల్లవారుజామున గ్రెనోబుల్‌లోని అయస్కాంత ప్రయోగశాలలో క్లాస్ ఫాన్ క్లిట్జింగ్ ఒక సిలికాన్ మాస్‌ఫెట్‌ని చల్లబరిచి, బలమైన క్షేత్రంలో పెట్టి హాల్ నిరోధం (అడ్డంగా పుట్టే వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చేది) కొలుస్తున్నాడు. గేట్ వోల్టేజీ పెంచుతుంటే గీత మెట్లుమెట్లుగా వచ్చింది. మెట్టు విలువ ఏ నమూనాకైనా ఒకటే, 25,812.807 ఓమ్‌లను పూర్ణసంఖ్యలతో భాగిస్తే వచ్చేది. ప్లాంక్ స్థిరాంకం, ఎలక్ట్రాన్ ఛార్జి తప్ప అందులో ఇంకేమీ లేవు. 1985లో ఆయనకు నోబెల్ వచ్చింది. ప్రపంచంలో ఓమ్‌కి ప్రమాణం ఇప్పుడు ఆ ప్రభావమే. సిలికాన్-ఆక్సైడ్ సరిహద్దును పరిశ్రమ అంత శుభ్రంగా చేయకపోతే, ఎలక్ట్రాన్లు అలా పలచని పొరలా నిలిచేవే కావు. ఆ నమూనాల్లో కొన్ని సీమెన్స్ కంపెనీ నుంచి వచ్చినవే.

అమ్మా, నువ్వు వాల్తేరులో ఉన్నావు కాబట్టి ఇది కూడా చెప్పాలి. హిల్స్‌బరో బాబు చెప్పిన స్ట్రెయిన్ నిజంగా చిప్‌లో ఎంత పడిందో ఎలా కొలుస్తారు? ఒక మార్గం రామన్ వర్ణపటం. సిలికాన్ గీత 520 వేవ్ నంబర్ దగ్గర ఉంటుంది. నొక్కితే పైకి, లాగితే కిందికి జరుగుతుంది. ఆ జరుగుదలను చూసి ఒత్తిడి చెప్పేస్తారు. రామన్ గారి శిష్యుడు సూరి భగవంతం గారు మీ ఆంధ్రా యూనివర్సిటీలో ఉండి, స్ఫటికాల సౌష్ఠవాన్ని బట్టి వాటి గుణాలకు ఎన్ని స్వతంత్ర స్థిరాంకాలుంటాయో తేల్చే పని చేశారు. టి. వెంకటరాయుడు గారితో కలిసి గ్రూప్ సిద్ధాంతాన్ని ఫిజిక్స్‌కి వాడే పద్ధతిని 1940ల్లోనే గ్రంథస్థం చేశారు. కాంతి-స్థితిస్థాపక గుణాల పట్టికల్లో పోకెల్స్ కాలం నుంచి వస్తున్న లోపాల్ని సరిదిద్దారు. సిలికాన్‌లాంటి ఘనాకార స్ఫటికానికి స్మిత్ కొలవాల్సిన పీజోరెసిస్టెన్స్ స్థిరాంకాలు మూడే ఎందుకయ్యాయో తేలేది ఆ రకం సౌష్ఠవ గణితంతోనే. భగవంతం గారు చిప్‌ల కోసం చేయలేదు. కానీ ఆ గణితం లేకుండా స్ట్రెయిన్ గురించి ఒక్క పేజీ కూడా రాయలేం. మీ డిపార్ట్‌మెంట్ వరండాలో నడిచేటప్పుడు ఇది గుర్తుంచుకో తల్లీ.

---

హిల్స్‌బరో_తెలుగోడు · బుధవారం, ఉదయం 7:10

లితోగ్రఫీ బాకీ తీరుస్తాను.

ఇప్పటి ముందువరస చిప్‌ల మీద గీతలు గీసే కాంతి తరంగదైర్ఘ్యం 13.5 నానోమీటర్లు. దీన్ని గాలి మింగేస్తుంది, గాజు మింగేస్తుంది. లెన్సు పెట్టలేం, అంతా శూన్యంలో, అద్దాలతోనే. మామూలు అద్దం కూడా దాన్ని తిప్పికొట్టదు. మాలిబ్డినం, సిలికాన్ పొరల్ని ఒకదాని మీద ఒకటి, జత సుమారు 7 నానోమీటర్ల మందంతో, నలభైకి పైగా జతలు పేరిస్తే ప్రతి జత నుంచీ కొంచెం కొంచెం తిరిగొచ్చి అన్నీ కలిసి 70 శాతం దాకా వెనక్కి వస్తుంది. బ్రాగ్ నియమమే. ఇలాంటి పొరల అద్దాల గురించి ఐబీఎంలో ఎబర్‌హార్డ్ స్పిల్లర్ 1972లోనే రాశాడు. స్టాన్‌ఫర్డ్‌లో ట్రాయ్ బార్బీ వాటిని పెంచడంలో ఆరితేరాడు. వాటిని మొదట మోజుపడి వాడుకున్నవాళ్లలో ఖగోళ శాస్త్రవేత్తలున్నారు. 1987లో రాకెట్‌లో పెట్టి పంపిన టెలిస్కోప్ ఆ అద్దాలతో సూర్యుడి కరోనా ఫోటోలు తీసింది. జపాన్‌లో హిరూ కినోషిత 1986లో అలాంటి కాంతితో బొమ్మ ముద్రించి చూపిస్తే చాలామంది నమ్మలేదు. ఫ్యాక్టరీలోకి పెద్ద ఎత్తున వచ్చింది 2019 ప్రాంతంలో.

పది అద్దాలు దాటేసరికి నూటికి మూడు పాళ్లు కూడా మిగలదు. కాబట్టి కాంతిమూలం చాలా బలంగా ఉండాలి. కరిగిన తగరం బొట్లు సెకనుకి 50,000, ఒక్కొక్కదాన్నీ లేజర్‌తో రెండుసార్లు కొడితే ప్లాస్మా అయి ఆ కాంతి ఇస్తుంది. ఇదంతా ప్లాస్మా ఫిజిక్స్.

ఇప్పుడు మమ్మల్ని వేధిస్తున్నది ఇంకా మౌలికమైన సమస్య. 13.5 నానోమీటర్ ఫోటాన్ ఒక్కొక్కటి 92 ఎలక్ట్రాన్ వోల్టులు. పాత 193 నానోమీటర్ కాంతిలో 6.4. అదే శక్తి పోస్తే ఫోటాన్లు పద్నాలుగో వంతే వస్తాయి. చదరపు సెంటీమీటరుకి 30 మిల్లీజౌల్స్ ఇస్తే చదరపు నానోమీటరుకి పడేవి సుమారు 20 ఫోటాన్లు. సగటు 20 అయితే కొన్నిచోట్ల 12, కొన్నిచోట్ల 28 పడటం సహజం. పైగా రెసిస్ట్ (కాంతికి మారే పూత) అందులో కొన్నింటినే పట్టుకుంటుంది. ఒక్కోచోట గీత తెగిపోతుంది, ఒక్కోచోట రెండు గీతలు అతుక్కుంటాయి. వందల కోట్ల కాంటాక్టుల్లో ఒక్కటి తెరుచుకోకపోయినా చిప్ చెడుతుంది. ఆ 92 ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ రెసిస్ట్‌లో పడ్డాక ఎలక్ట్రాన్లు ఎంత దూరం పరిగెత్తి ఏ బంధం తెంచుతాయో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. గచ్చిబౌలి అన్నా, కొత్త ఫిజిక్స్ కావాలన్నారు కదా, ఇదిగో, తలుపు తీసే ఉంది.

---

గచ్చిబౌలి_డిజైన్ · బుధవారం, రాత్రి 10:05

దీనికి మా దిక్కునుంచి ఒకటి కలుపుత. మా అసలు బాధ పవర్. ట్రాన్సిస్టర్ ఆఫ్ చేసినా ఆగదు, కారుతనే ఉంటది. కరెంటు పది రెట్లు తగ్గాలంటే గేట్ మీద కనీసం 60 మిల్లీవోల్టులు తగ్గియ్యాలె, గది ఉష్ణోగ్రత దగ్గర అంతకన్న తక్కువల కాదు. దీని మూలం బోల్ట్‌జ్‌మన్ పంపిణీ, ఏ ఫౌండ్రీ చేతుల లేదు. అందుకే సప్లై వోల్టేజి కిందికి దిగుతలేదు, క్లాక్ వేగం 2005 కాలం నుంచి పెద్దగ పెరుగలే. 2008ల సలాహుద్దీన్, సుప్రియో దత్తా ఫెర్రోఎలక్ట్రిక్ (తనంతట తానే ఛార్జి విడదీసి ఉంచుకునే పదార్థం) గేట్ పెట్టి ఈ హద్దు దాటొచ్చని ప్రతిపాదించిన్రు. తర్వాత హాఫ్నియం ఆక్సైడే తగిన తీరుల వేస్తె ఫెర్రోఎలక్ట్రిక్ అయితదని 2011ల బయటికొచ్చింది. నిజంగ హద్దు దాటినమా అన్న దాని మీద ఇంకా వాదన నడుస్తనే ఉంది. గిది తేలితే మా పని మొత్తం మారిపోతది. గీ వాదన తేల్చేటోళ్లు ఫిజిక్స్ ల్యాబ్‌లనే ఉంటరు, మా ఆఫీస్‌ల ఉండరు. చెల్లె, నీకు ఇష్టం ఉంటె పీహెచ్‌డీ చెయ్యి. మీ నాన్నతోని నేను చెప్పిన అని చెప్పు.

---

బెంగళూరు_క్లీన్‌రూమ్ · గురువారం, ఉదయం 8:45

ఐఐఎస్సీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, మాదీ శ్రీకాకుళం వైపే. వాల్తేరు గారూ, పనికొచ్చే విషయాలు చెబుతాను.

మీ ల్యాబ్‌లో జెర్మేనియం మీద ఫోర్ ప్రోబ్ ప్రయోగం చేసే ఉంటారు. రికార్డ్ రాసి వదిలేయకండి. 1954లో వాల్డెస్ దాన్ని సెమీకండక్టర్లకి తీర్చిదిద్దింది బెల్ ల్యాబ్స్‌లోనే. ఇవాళ ఫ్యాబ్‌లో వేఫర్ మీద పొర నిరోధం చూసేదీ అదే నాలుగు సూదులతో. పలచని పొరకైతే వోల్టేజీని కరెంటుతో భాగించి 4.53తో గుణించాలి. ఆ 4.53 ఎందుకో (పై ని సహజ లాగ్ 2తో, అంటే ln 2తో భాగిస్తే వస్తుంది) ఒకసారి మీరే రాబట్టి చూడండి, ఇంటర్వ్యూలో అడుగుతారు. హాల్ ప్రయోగం కూడా అంతే శ్రద్ధగా చేయండి.

మాస్టారు చెప్పిన లక్షకొక్క లోపాన్ని మీరే లెక్కపెట్టగలిగే పద్ధతి ఉంది. మాస్ కెపాసిటర్ (లోహం, ఆక్సైడ్, సెమీకండక్టర్ పొరల కెపాసిటర్) ఒకటి చేసి, ఫ్రీక్వెన్సీ మారుస్తూ కెపాసిటెన్స్, కండక్టెన్స్ కొలవడం. నికోలియన్, గోట్జ్‌బెర్గర్ 1967లో పెట్టిన పద్ధతి. ఇప్పుడు సిలికాన్ కార్బైడ్, గాలియం నైట్రైడ్, మాలిబ్డినం డైసల్ఫైడ్‌లాంటి కొత్త పదార్థాల్లో అందరూ తలబద్దలు కొట్టుకుంటున్నది ఈ సరిహద్దు దగ్గరే. సిలికాన్‌కి ఉన్నట్టు వాటికి మంచి ఆక్సైడ్ జత కుదరలేదు. సిలికాన్ కార్బైడ్‌ని ఆక్సీకరిస్తే కూడా సిలికాన్ డయాక్సైడే వస్తుంది గానీ, కార్బన్ వల్ల సరిహద్దులో లోపాలు ఎన్నో రెట్లు ఎక్కువ.

మీ దగ్గర క్లీన్‌రూమ్ లేదని ఆగకండి. ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్ ఉంది, 2008లో ఐఐఎస్సీ, ఐఐటీ బాంబేలతో మొదలైంది, తర్వాత ఇంకొన్ని ఐఐటీలు చేరాయి. బయటి యూనివర్సిటీ వాళ్లు వచ్చి ఇక్కడి పరికరాలు వాడుకోవచ్చు. పరిచయ వర్క్‌షాపులు, చేతిపని శిక్షణ రెండూ పెడతారు. మీ గైడ్ గారి ద్వారా ప్రతిపాదన పంపండి. ప్రతిపాదనలో "నానో టెక్నాలజీ మీద ఆసక్తి" అని రాస్తే పక్కన పడేస్తారు. ఏ పదార్థం, ఏ సరిహద్దు, ఏం కొలుస్తారు, ఎందుకు, అవి రాయండి.

---

వాల్తేరు_ఎమ్మెస్సీ · గురువారం, రాత్రి 9:30

అందరికీ కృతజ్ఞతలు. ఈ పోస్టులన్నీ ప్రింట్ తీసి నాన్నగారికి ఇచ్చాను, స్ట్రెయిన్ గురించి రాసింది రెండుసార్లు చదివారు. ఇంకా అవుననలేదు, కాదనడం మాత్రం మానేశారు.

ప్రాజెక్టుకి సిలికాన్ కార్బైడ్ మీద మాస్ కెపాసిటర్ అనుకుంటున్నాను. సోమవారం మా సార్‌ని అడుగుతాను. బెంగళూరు గారూ, ఒక సందేహం. సిలికాన్‌కి చేసినట్టు హైడ్రోజన్‌లో వేడి చేస్తే సిలికాన్ కార్బైడ్ సరిహద్దు కూడా బాగుపడాలి కదా?

---

బెంగళూరు_క్లీన్‌రూమ్ · శుక్రవారం, ఉదయం 8:20

సిలికాన్‌కి పనిచేసినంతగా హైడ్రోజన్ అక్కడ పనిచేయదు. అక్కడ లోపాలన్నీ తెగిన సిలికాన్ బంధాలే కావు మరి. నైట్రిక్ ఆక్సైడ్ వాయువులో 1,100 డిగ్రీలకు పైన వేడి చేస్తే నత్రజని సరిహద్దు దగ్గర చేరి చాలావరకు తగ్గిస్తుంది, పరిశ్రమలో వాడేది అదే. అయినా సిలికాన్ స్థాయికి రాదు. నత్రజని అక్కడ సరిగ్గా ఏం చేస్తుందన్న దాని మీద ఇంకా పేపర్లు వస్తున్నాయి. ప్రతిపాదనలో మొదటి పేరాగా ఇదే రాయండి. డ్రాఫ్ట్ అయ్యాక ఇక్కడ పెట్టండి, చూస్తాను.